తొమ్మిదింటి వరుస

రాత్రి తొమ్మిది కొట్టంగనే
కాజీపేట డీజిల్ కాలనీ ఎనుక నుంచి
హాథీరాం మొదలుపెడ్తడు.
హలో అనడు.
"బాటీ ఖాదో కాఁయి?" అంటడు.
రొట్టె తిన్నవా, అంతే.
తిన్న అని చెప్పినోడు
తర్వాతోనికి ఫోన్ కొట్టాలె.

నెక్కొండ, గూడూరు, కేసముద్రం, తొర్రూరు,
ఎక్కడోళ్ళం అక్కడ, పదముగ్గురం.
ఒకడు తోపుల దగ్గర చెవులు పోగొట్టుకున్నోడు
(వానికి రెండుసార్లు అడగాలె),
ఒకడు మెస్సుల వంటోడు,
కేస్లీ సీఆర్పీఎఫ్‌ల పద్దెనిమిదేండ్లు.
నేను సిగ్నల్స్,
చలికి చచ్చిపోయే బ్యాటరీని
చంకల పెట్టుకొని బతికించినోన్ని.

సక్రు దగ్గరికొస్తే వరుస ఆగుతది.
ఎనుమాముల మార్కెట్ల ఇయ్యాల
తేజ మిర్చి ఎంత పలికింది, తాలు ఎంత,
కాంటా కాడ ఎవడు మోసం చేసిండు,
అన్నీ చెప్పందే ఇడువడు.
వాని తర్వాతి ఫకీరా తిట్టుకుంటనే ఉంటడు,
పండుకోడు మాత్రం.

యూనిట్ల మమ్మల్ని మద్రాసీ అనేటోళ్ళు.
సెలవుకొచ్చి బస్సెక్కితే తండోడు.
తండాకు పోతే మిలట్రోడు,
అంటే మందు సీసా తెచ్చేటోడు.
పేరుపెట్టి పిలిచిన తావు
ఎక్కడుందో యాదికి రాదు.

మంచుకొండ మీద ఒకసారి, నడిజాముల,
సెట్టుల గరగర,
అవుతలి పోస్టు నుంచి ఎవడో
బటన్ మీద ఏలు తియ్యడం మరిచి
"యాడీ, యాడీ" అంటున్నడు.
మా బోలిల అమ్మను అట్ల పిలుస్తరు.
నేను రూలు తప్పిన.
"బాటీ ఖాదో కాఁయి?"
చానాసేపు ఏం రాలె.
ఆనక ముక్కు చీదిన చప్పుడు.
ఆయనే హాథీరాం.
మొఖం చూసింది పదకొండేండ్లకు,
కాజీపేట రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద,
చాయ్ అడిగిన గొంతును బట్టి.

ఈ వరుస ఎప్పటి సంది అంటే,
సోమ్లా పోయిన సంగతి
రెండొద్దులకు పాలోడు చెప్పినప్పటి సంది.
పొయ్యి మీద పులిసిన అంబలి.
మొలకు తగిలేసిన కోటు.
మేమందరం బూట్లు తుడుసుకొని వచ్చి
మస్తుగ సెల్యూట్ కొట్టినం.
కేస్లీ కొట్టలె.
"ఇప్పుడు లైను మంచిగనే కట్టిన్రు,
మొన్న ఒక్కడన్న రావాలె" అన్నది.

శ్రావణంల వరుస నా దగ్గర తెగింది.
ఎందుకో చెప్పను.
మోకాలు అంటే మోకాలు,
పింఛను కాయితం అంటే కాయితం.
ఫోన్ మోగుతాంటే దిక్కు చూసుకుంట కూసున్న,
లైటు గూడ ఎయ్యలె.
పది దాటినంక వాకిట్ల రెండు బండ్లు.
వానకు నానిన ఫకీరా, తిట్టుకుంటనే.
హెల్మెట్ తియ్యకుండనే కేస్లీ
సీదా వంటింట్లకు.
ఎవలూ ఏమడుగలె.
జొన్నపిండి డబ్బా దొరకక
గిన్నెలు పడ్డ చప్పుడు,
ఆనక రొట్టె చరిచే చప్పుడు
ఇల్లంత.

తెల్లారి పక్కింటామె గోడ మీదికెళ్ళి అడిగింది,
"రాత్రొచ్చినామె నీకు ఏం వరుసైతది?"
తొమ్మిదింటి వరుస అన్న.
సమజు కాలె ఆమెకు.

ఆ రాత్రి తిన్నంక
కేస్లీ ఫోన్ నా చేతిల పెట్టింది.
నా తర్వాతోడు మంగ్తా, ఆఖరోడు,
అప్పటిదాకా మేలుకొనే ఉన్నడు.
నేను నోరు తెరవకముందే
"తిన్న తీ, రెండుసార్లు తిన్న, నువ్వు పండు" అని
పెట్టేసిండు.
వాని గొంతుల ఏదో చెమ్మ.
వానే అనుకున్న. నా చెవేమో.

ఇప్పుడు ఎనిమిదిన్నర అయితాంది.
పెనం ఎక్కించిన.
ఆకలి లేదు గని
కేస్లీకి అబద్ధం చెప్పుడు
నాకు రాదు.